ఎండలో పెట్టిన దీపాలు

డోలు గోపురం మెట్లెక్కడం నా మోకాళ్లకి బొత్తిగా ఇష్టం లేదు. మనవరాలి చెయ్యి పట్టుకుని, ఆగుతూ, ఆయాసపడుతూ, మధ్యలో రెండుసార్లు చైనా దేశాన్నీ ఒకసారి మనవరాలినీ తిట్టుకుంటూ పైకి చేరాను. పాత నగరం నడిబొడ్డున నిలబడ్డ గోపురం అది. పైన వసారాలో ఎర్రరంగు డోళ్లు బారులు తీరి ఉన్నాయి. ఒక్కోటీ నా ఎత్తుంది. కింద వీధిలోంచి కాల్చిన మాంసం, జీలకర్ర, వేగుతున్న నువ్వుల వాసన కలగలిసి పైకొస్తోంది. ఆ వీధి చివర వందల ఏళ్లనాటి మసీదు ఉందని దారిలో ఎవరో చెప్పారు.

మనవరాలు బోర్డు చదివి, మా మలాయి దేశపు పిల్లలందరిలాగే మాట చివర "లా" తగిలిస్తూ చెప్పింది. "పూర్వం సందేళ ఈ డోలు కొట్టి ఊరి తలుపులు మూసేసీవారంట అమ్మమ్మా. ఇప్పుడు టూరిస్టుల కోసం కొడతారు. త్రీ ఓ క్లాక్‌కి ఒకటుంది లా."

అంటే సందేళ డోలు మధ్యాహ్నం మూడు గంటలకన్నమాట. ఎండ చుర్రుమంటోంది. సరిగ్గా మూడింటికి పట్టుబట్టలు కట్టుకున్న వాళ్లు నలుగురు వచ్చి కర్రలు ఎత్తారు. మొదటి దెబ్బ పడగానే నా కుడిచెయ్యి దానంతటదే నడుము దగ్గరికి పోయి కొంగుముడి కోసం తడుముకుంది. నేను వేసుకున్నది ప్యాంటు.

"ఏటి ఎతుకుతున్నావు?" అంది మనవరాలు.

"అగ్గిపెట్టె."

"ఇక్కడ సిగరెట్ కూడదు లా అమ్మమ్మా."

నాకు నవ్వాగలేదు. నవ్వి నవ్వి పక్కనున్న బల్లమీద కూలబడ్డాను. నవ్వుతుండగానే కళ్లు తడిశాయి. ఆ పిల్ల కంగారుపడి నీళ్లసీసా తీసింది. నాకు కావలసింది నీళ్లు కాదు. నేను అప్పటికే ఆ గోపురంలో లేను.

మలాయి దేశంలో హుటాన్ మెలింటాంగ్ ఊరు దాటి, నది వెడల్పయి సముద్రంలోకి పోయే వైపు వెళితే మా కొబ్బరితోట ఉండేది. ఇప్పుడు అక్కడ పామాయిల్ చెట్లున్నాయి. నాన్న తోట ఆఫీసులో గుమస్తా. అందరూ కిరాణి అనేవారు. కూలీల ఇళ్ల వరస మొదట్లో మా ఇల్లు. మిగతా వాళ్లకి రెండు గదులైతే మాకు మూడు, అంతే తేడా. కొబ్బరి చిప్పల్ని పొగమీద ఎండబెట్టే షెడ్డు మా పెరటికి దగ్గర. మా బట్టలకీ, జుట్టుకీ, బడి పుస్తకాలకీ ఆ కమ్మని పొగవాసనే ఉండేది. పట్నం బడికి వెళితే పక్కపిల్లలు ముక్కు మూసుకునేవారు. నాకేమో ఆ వాసన లేని పిల్లల మీద జాలేసేది.

వరస చివర రామమందిరం. రేకుల కప్పు, మట్టి అరుగు. మందిరంలో దేవుడి తర్వాత పెద్దది రామడోలు. శ్రీకాకుళం వైపు నుంచి మా ముత్తాతలతో పాటు ఓడలో వచ్చిందని చెప్పేవారు. రోజూ సందేళ ఆ డోలు మోగాలి. అది మోగితే ఆడవాళ్లు గుమ్మాల్లో దీపాలు పెట్టాలి, షెడ్డులో మగవాళ్లు పని కట్టెయ్యాలి, పిల్లలు ఎక్కడున్నా ఇళ్లకి చేరాలి. గడియారం ఆఫీసు గోడమీద ఒకటి, మా నాన్న చేతికి ఒకటి. మిగతా అందరికీ డోలే గడియారం.

దాన్ని కొట్టేవాణ్ణి మేం డోలుతాత అనేవాళ్లం. వెనకటికి పొడుగాటి వెదురుగెడతో కొబ్బరిగెలలు కోసే పని చేసేవాడు. ఏళ్ల తరబడి మెడ ఎత్తి ఎండలోకి చూసే పని అది. ముసలితనం వచ్చాక మందిరం పక్కన ఒక గదీ, నెలనెలా బియ్యమూ ఇచ్చి ఆఫీసువాళ్లు డోలు అప్పగించారు. పెళ్లాం లేదు, పిల్లలు లేరు. వానల నెలల్లో డోలు చర్మం వదులైపోయి దెబ్బ చప్పగా పలికేది. అందుకని సాయంత్రం అయ్యేసరికి కొబ్బరిపీచు మంటవేసి డోలుని అటూ ఇటూ తిప్పుతూ కాచేవాడు. ఆ నివురులో పనసగింజలు వేసి కాల్చేవాడు. నేను రోజూ పోయేది ఆ గింజల కోసం. డోలు మీద నాకు ప్రత్యేకించి భక్తేమీ లేదు.

గింజ కాలిందో లేదో ముక్కుతో చూసేవాడు. "ఇంకా పచ్చివాసన ఏత్తంది, ఉండు," అనేవాడు. మొహం ఎప్పుడూ నది వైపే. నది అవతలి గట్టున మలాయివాళ్ల ఊరుంది. అక్కడి మసీదులోనూ పెద్ద డోలుండేది, నమాజు వేళలకి కొట్టేవారు. మధ్యాహ్నం వాలాక ఒకసారి మోగుతుంది. మళ్లీ పొద్దు కుంకగానే మోగుతుంది. ఆ రెండో మోత వినపడగానే డోలుతాత ఇరవై ఊపిరులు లెక్కపెట్టుకుని కర్ర తీసేవాడు. ఈ లెక్క వరసలో ఎవరికీ తెలీదు. గింజలు నముల్తూ రోజూ పక్కనే కూర్చోవడం వల్ల నేనొక్కదాన్నే కనిపెట్టాను.

"తాతా, ఆకాశం చూస్తే తెలీదా ఏం?" అన్నాను ఒకరోజు.

"ఆకాశం అబద్దవాడతాది. మబ్బేస్తే సందేలనుకుంతాం. ఆల్లు అబద్దవాడరు," అన్నాడు నది వైపు గడ్డం ఎత్తి.

కళ్లుండీ తలెత్తి చూడ్డానికి బద్ధకమని అనుకున్నాను. నాకప్పుడు ఎనిమిదేళ్లు. అంతకంటే బుర్ర పనిచెయ్యలేదు.

వానల మధ్య తమిళుల పురటాసి నెల వచ్చింది. మా పక్కింటి తమిళులతో కలిసి బతకడం వల్ల ఆ నెల శనివారాల ఉపవాసం మాకూ అబ్బింది. నానమ్మ ఆ ఉపవాసం దగ్గర మహా మొండి. తెల్లారి లేచింది మొదలు డోలు మోగి దీపం పెట్టేదాకా మంచినీళ్లు కూడా ముట్టదు. దీపం పెట్టాక పులిహోర, గుగ్గిళ్లు, పానకం. ఆ యేడు నానమ్మకి వారం రోజులు జ్వరం కాసి అప్పుడే తగ్గింది. ఒంట్లో ఓపిక లేదు. ఉపవాసం మానమని నాన్న బతిమాలాడు.

"మీ అయ్య పోయిన యేడే మాన్నేదు, ఇప్పుడేటొచ్చింది," అంది.

ఆ శనివారం మసీదులో మొదటి మోత అయ్యాక, పులిహోర కలిపేసరికి ఆవిడకి కళ్లు తిరిగాయి. గుమ్మానికి ఆనుకుని కూర్చుంది. పెదాలు ఎండిపోయి తెల్లగా ఉన్నాయి. నేను గ్లాసుతో నీళ్లు తెచ్చి నోటికి అందించబోతే చేత్తో తోసేసింది.

"డోలు మోగనీయే గుంటా. మోగితే తాగుతాను."

ఆ మాట నా చెవిలో పడింది. డోలు మోగాలి. డోలు మోగాలంటే మసీదు డోలు మోగాలి. అది ఎక్కడ మోగినా ఒకటే కదా. వంటింట్లోంచి ఇంగువపోపు వాసన వస్తోంది. నానమ్మ మీద జాలి ఎంత, పులిహోర మీద ఆశ ఎంత అని ఇప్పుడు అడిగితే నిజాయితీగా చెప్పలేను.

మా వైపు నదిగట్టు మీద చేపలవాళ్ల పడవ ఒకటి బోర్లించి ఉండేది. అడుగుకి నాచు గీకి తారు పూయడం కోసం అలా పెట్టారు. దాని మీద రాయి పడితే లోపలంతా గుమ్మని మోగుతుందని పిల్లలందరికీ తెలుసు. నేను ఎండిన కొబ్బరిమట్ట ఒకటి తీసుకుని బురదలో పడుతూ లేస్తూ అక్కడికి పోయాను. గట్టుమీద ఎవరూ లేరు. మసీదులో ఎలా కొడతారో నాకు బాగా గుర్తే. మొదట నెమ్మదిగా, తర్వాత వడివడిగా, చివర్న ఒక్కటి విడిగా. అచ్చం అలాగే కొట్టాను. మట్ట కింద పడేసి పరుగెత్తుకొచ్చాను. సగం దారిలో ఉండగా రామడోలు మొదలైంది.

అప్పుడు సాయంత్రం ఐదైంది. వానల నెలలో ఏనాడూ లేనంత ఎండ కాస్తోంది.

వరస పొడుగునా జనం గుమ్మాల్లోకి వచ్చి నోరెళ్లబెట్టి చూస్తున్నారు. షెడ్డులోంచి మగవాళ్లు తువ్వాళ్లతో మొహం తుడుచుకుంటూ బయటికొచ్చారు. పక్కింటి తమిళావిడ, "ఎన్నక్కా ఇదు, వెయిల్ ఇరుక్కే," అని నవ్వింది. ఎండ ఉండగా ఇదేమిటని ఆవిడ అనుమానం. నానమ్మ గోడ పట్టుకుని లేచి వాకిట్లోకొచ్చి మందిరం వైపు చూసింది. నేనూ చూశాను.

డోలుతాత అరుగుమీద పడమటికి తిరిగి నిలబడి కొడుతున్నాడు. ఎండ తిన్నగా మొహాన పడుతోంది. మేమంతా చేతులు అడ్డం పెట్టుకుని కళ్లు చికిలిస్తున్నాం. ఆయన కళ్లు బార్లా తెరిచే ఉన్నాయి. రెప్ప పడలేదు.

ఎవరూ నవ్వలేదు ఆ తర్వాత. రోజూ పక్కన కూర్చుని గింజలు తిన్నదాన్ని, నాకు తెలీలేదు. నేను చేసిన పని వల్ల ఊరందరికీ ఒక్కసారిగా తెలిసిపోయింది.

అప్పట్లో తోటకి కొత్తగా ఒక చిన్నదొర వచ్చాడు. పని చెయ్యలేనివాళ్లకి తోట ఇల్లెందుకని అడిగే మనిషి. ఆ నెల్లోనే కాలు విరిగిన ఒకాయన్ని గది ఖాళీ చేయించి పట్నంలో దిక్కులేనివాళ్లని ఉంచే ఇంటికి పంపించాడు. ఈయనకి కళ్లు లేవని తెలిస్తే జరిగేదీ అదే. ఆ సంగతి వాకిట్లో నిలబడ్డ ప్రతి ఒక్కరికీ తెలుసు.

నానమ్మ కొంగుముడి విప్పి అగ్గిపెట్టె తీసింది. గుమ్మంలో కుందిలో నూనె పోసి ఉంది. వంగి దీపం ముట్టించింది. నిటారుగా లేచి, పక్కింటావిడకి వినపడేలా చెప్పింది.

"డోలు మోగినాది. మోగితే సందేలే. నిలబడి సూత్తారేటి, దీపాలెట్టండి."

తమిళావిడ ఒక్క క్షణం చూసి, లోపలికి పోయి దీపం తెచ్చింది. ఆ పక్కావిడా తెచ్చింది. అలా వరస చివరిదాకా, ఒక గుమ్మం తర్వాత ఒక గుమ్మం, పట్టపగలు దీపాలు వెలిగాయి. ఎండలో మంట కనబడ్డం లేదు. "ఎలగలేదు నానమ్మా," అన్నాను. ఆవిడ నా చెయ్యి పట్టుకుని దీపం మీద పెట్టింది. "సెయ్యెట్టి సూడు. ఎలుగుతంది." అరచెయ్యి చుర్రుమంది. అప్పుడు ఆవిడ మా ఇంటి అరుగుమీద అందరూ చూసేలా కూర్చుని, ఏ యేడూ తప్పని ఉపవాసం మీద, ఎండ ముంగిట్లో గడగడా నీళ్లు తాగేసింది.

చిన్నదొర మోటారుసైకిలు అప్పుడొచ్చింది. షెడ్డులో పని ఎందుకాగిందని ఆయన కోపం. ఆఫీసు నుంచి నాన్న కూడా అప్పుడే సైకిలు దిగాడు. దొర ఇంగ్లీషులో ఏదో అడిగి డోలు వైపు వేలు చూపించాడు. నాన్న చేతిగడియారం చూసుకున్నాడు. డోలుతాతని చూశాడు. వరస పొడుగునా దీపాల్ని చూశాడు. చివరికి నానమ్మని చూశాడు. నాన్న ఎంత నిక్కచ్చి మనిషంటే, ఒంట్లో బాగులేదని బడి ఎగ్గొట్టినందుకు నాకు సెలవుచీటీ రాసివ్వలేదు, ఒంట్లో బానే ఉంది కదా అని. అలాంటి నాన్న గడియారం ఉన్న చెయ్యి వెనక్కి పెట్టుకుని, చాలా మర్యాదగా దొరతో చెప్పాడు. ఈ నెల శనివారాలు తెలుగువాళ్లకి పవిత్రమైనవి, ఎండ ఉండగానే దీపాలు పెట్టడం మా ఆచారం, డోలు అందుకే ముందు మోగుతుంది అని.

దొర దీపాల్ని చూశాడు. సాక్ష్యం ఎదురుగానే ఉంది. "ఎన్ని శనివారాలు?" అన్నాడట. "నెలంతా," అన్నాడట నాన్న. దొర జేబులోంచి చిన్న పుస్తకం తీసి రాసుకుని వెళ్లిపోయాడు.

ఆ రాత్రి నాన్న అన్నం సరిగా తినలేదు. "నోటికొచ్చింది సెప్పేసినాను," అన్నాడు నానమ్మతో.

"మంచిదే వచ్చినాది," అంది నానమ్మ. పులిహోర అందరికీ పెట్టి నాకు చివర్న పెట్టింది. ఎప్పుడూ నాకే మొదట పెట్టేది. నా పరికిణీ అంచుకి నదిబురద అంటుకుని ఎండిపోయి ఉంది. దాన్ని చూసింది, నన్ను చూసింది. "ఆకలి తీరినాదా గుంటా?" అంది. అంతకుమించి బతికున్నన్నాళ్లూ ఒక్కమాట అనలేదు.

మర్నాడు నేను డోలుతాత దగ్గరికి పోయాను. చెప్పేద్దామనే పోయాను, కానీ అరుగెక్కగానే ఏడుపొచ్చేసింది. ఆయన నిప్పుల్లో గింజలు కదుపుతున్నాడు.

"పడవ మీద కొట్టినావు గదా," అన్నాడు.

నాకు ఏడుపు కూడా ఆగిపోయింది.

"తోలుకీ సెక్కకీ తేడా నాకు తెలీదేటి? ఒంటిమీద ఎండ కూడా కాస్తనే ఉంది. ఇది సందేల కాదేమో అనిపించినాది. కానీ కళ్లు పోయినాక మనిసికి తన ఒంటిమీదే నమ్మకం పోతాది. నానే తప్పేమో అనుకున్నాను. కొట్టేసినాను."

నిప్పులు ఎగదోసి మళ్లీ అన్నాడు. "సగం కొట్టేసరికి నూనె వాసనొచ్చినాది. ఎండలో దీపం వాసన ఏరేగా ఉంతాది. ఎందుకెట్టినారో నాకు తెలిసిపోనాది. అప్పుడింక ఆపలేకపోనాను."

కాలిన గింజలు నా దోసిట్లో పోశాడు. రెండు కింద పడ్డాయి. "ఎవులితోనూ సెప్పకు. నువ్వు సెప్తే మీ నాన్న మాట అబద్దమైపోతాది," అన్నాడు. సరేనన్నాను.

నాన్న మాట నిలబెట్టడానికి ఆ నెల మిగిలిన శనివారాలన్నీ ఐదింటికే డోలు మోగింది. దొర పుస్తకంలో రాసుకున్నాడు మరి. మరుసటి యేడు కూడా ఆయన గుర్తుంచుకుని, "మీ ఎండదీపాలు ఎప్పుడు?" అని నాన్ననే అడిగాడు. మామూలు రోజుల్లో సందేళ అయ్యేసరికి ఎవరో ఒకరు పనున్నట్టు మందిరం ముందునుంచి పోతూ, "మావా, పొద్దు కుంకినాది, దోమలు లేచిపోతన్నాయి," అని గట్టిగా అనేవారు. ఆయన అడగలేదు, వాళ్లు చెప్పలేదు. డోలుతాత ఆ గదిలోనే ఇంకా చాలాకాలం బతికి, ఆ గదిలోనే పోయాడు.

తోట అమ్ముడుపోయి మేమంతా చెల్లాచెదురయ్యాం. నేను పెళ్లయి ఉత్తరాన సుంగై పెటాని పట్నం చేరాను. ఆ రామడోలు హుటాన్ మెలింటాంగ్‌లో కొత్తగా కట్టిన మందిరంలో అద్దాల పెట్టెలో ఉంది. పురటాసి శనివారాల్లో ఇప్పటికీ అక్కడ సాయంత్రం ఐదింటికి, ఎండ కాస్తుండగా, దీపాలు పెడతారు. పెద్దల నాటి ఆచారం. కమిటీలో కుర్రాళ్లు పోయినేడు కాగితం కూడా అచ్చేశారు. సూర్యుడి తేజస్సూ దీపం తేజస్సూ ఒక్కచోట కలిస్తే ఒంటికి ఎంత మంచిదో అందులో వివరంగా రాశారు. నేనూ ఒక కాగితం తీసుకుని, కళ్లకద్దుకుని, సంచిలో పెట్టుకున్నాను.

డోలు గోపురం మీద బల్లపై కూర్చుని ఇదంతా మనవరాలికి చెప్పాను. ఇన్నేళ్లలో మొదటిసారి నోరు విప్పాను. తెలుగులో మొదలుపెట్టి, ఆ పిల్లకి అందనిచోట తమిళంలోకీ, అదీ అందనిచోట ఇంగ్లీషులోకీ దిగి, ఎలాగో ముగించాను. ఆ పిల్ల నీళ్లసీసా మూత బిగించి అడిగింది.

"అయితే కాగితంలో రాసింది అంతా తప్పు లా?"

"తప్పే."

"అందరికీ సెప్పేద్దామా?"

డోలుతాత లేడు. నాన్న లేడు, నానమ్మ లేదు, దొర ఏమయ్యాడో తెలీదు. దాచి కాపాడవలసిన మనిషి ఒక్కడూ మిగల్లేదు. అయినా నాకు అవునని నోరు రాలేదు. చెప్పేస్తే ఆ కుర్రాళ్లు వచ్చే యేడు గడియారం చూసుకుని, చీకటి పడ్డాకే దీపాలు పెడతారు. అంత సరిగ్గా పెట్టిన దీపం నాకెందుకో నచ్చదు.

"ఉండనియ్యే," అన్నాను.

నాలుగింటి డోలుకి పట్టుబట్టలవాళ్లు మళ్లీ వచ్చారు. ఎండ ఏమీ తగ్గలేదు. మొదటి దెబ్బ పడింది. మనవరాలు నన్నొకసారి చూసి, సంచిలోంచి ఫోను తీసి, దాని దీపం వెలిగించి, పిట్టగోడ మీద నిలబెట్టింది. చుట్టూ ఉన్నవాళ్లు వింతగా చూశారు. ఆ ఎండలో అది వెలుగుతున్నట్టే లేదు.

"ఆన్ చేసినాను లా అమ్మమ్మా, కనబడ్డంలేదు," అంది.

నేను ఆ పిల్ల చెయ్యి పట్టుకుని దానికి అడ్డంగా పెట్టాను. చిన్న అరచెయ్యి ఎర్రగా వెలిగింది.